గేటుకి కట్టిన ట్యూబు

మార్చి 3

చెల్లికి,

నీ మొగుడు నా కొత్తింటికి పాత సైకిలు ట్యూబు తెచ్చి ఇచ్చాడు. అది నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. ముందు అది రాసి తర్వాత సంగతిలోకి వస్తాను.

ఏళ్ళ కిందట ఈ ఇంట్లో దిగినరోజు వచ్చినవాళ్ళందరూ ఏదో ఒకటి తెచ్చారు. గడియారం తెచ్చినవాడున్నాడు, కుర్చీ తెచ్చినవాడున్నాడు. ఏమీ లేనివాడు ఉత్త చేతులతో వచ్చి, తిని, పోయాడు. వాడు మర్యాదస్తుడు. నీ మొగుడు మాత్రం నా రికార్డు ప్లేయరు ముందు నిలబడి, చెవి ఒక పక్కకి వంచి, అంతమందిలో "బావా, పాట నూతిలోంచి వస్తున్నట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. కొంగు అడ్డం పెట్టుకున్నావు గాని భుజాలు ఊగడం నేను చూశాను. అంతటితో ఊరుకున్నాడా? బయటికి పోయి, తన సైకిలు మీద గుడ్ల అట్టలు కట్టుకునే ట్యూబు విప్పుకొచ్చి నా చేతిలో పెట్టాడు. దాని నిండా మట్టి, సొన వాసన. ఎన్ని మిల్లుల్లో ఎన్ని యంత్రాలకి దిమ్మెలు కట్టాను నేను! బండ మేస్త్రీ అంటే తెలియని ఇంజనీరు లేడు. ఆ మేస్త్రీకి ఇచ్చే బహుమానమా అది?

నేను దాన్ని గేటుకి కట్టాను. గడియ సరిగ్గా పడదు, దానికి పనికొచ్చింది. ఇవాళ్టికీ అక్కడే ఉంది. గేటు తీసిన ప్రతిసారీ ఆ మాట గుర్తుకు రావాలనే కట్టాను.

ఇప్పుడు సంగతి. నీ కూతురు కింది గదిలో పెట్టిన రెండు మోటారు కుట్టుమెషిన్లు నా ఇంటిని ఒణికిస్తున్నాయి. నేను పాట పెడతాను. కాస్త గట్టిగా పెట్టగానే బుర్రుమని మొదలవుతుంది. ఇంకాస్త పెంచితే ఏనుగు ఏడ్చినట్టు ఊళ పెడుతుంది. నా ప్లేయరు కింద ఉన్నది ఆషామాషీ బల్ల కాదు. గోడలోకి దించి నేనే కట్టిన రాతి బండ. ప్లేయరు మధ్యన, స్పీకర్లు రెండూ అటొకటి ఇటొకటి, కదలకుండా సిమెంటు వేసి బిగించాను. ఎవరింట్లో ఉంది అలాంటిది? అది కూడా ఒణుకుతోందంటే ఆ మెషిన్లు ఎలాంటివో ఆలోచించు. సంచులు కుడుతోందా, రోడ్డు వేస్తోందా?

నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని చెప్పు. మేనకోడలని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

నీ అన్న

*

మార్చి 8

అన్నయ్యకి,

ఉత్తరం చేరింది. పైమెట్టు మీద కూర్చుని కిందిమెట్టు మీదున్న పిల్లతో మాట చెప్పడానికి ఊరు దాటించి నాకు రాశావు. నేనిప్పుడు ఇక్కణ్ణించి దానికి రాయాలి కాబోలు. పోస్టువాడు నిన్ను తలుచుకుంటూ ఉంటాడు.

నవ్వాను, నిజమే. ఎందుకంటే పాట నూతిలోంచే వచ్చింది. ఆయన అన్న మాటలో అబద్ధం ఏముంది? ఆయనకి సంగీతం రాదు. గుడ్లు వచ్చు. గతుకుల రోడ్డు మీద, చక్రం గోతిలో పడినా గుడ్డు చిట్లకుండా తీసుకెళ్ళడం వచ్చు. ఆ ట్యూబు నీకు ఇచ్చింది గేటుకి కట్టుకోమని కాదు. దాన్లో కాస్త గాలి నింపి, చుట్టగా పరిచి, పైన చెక్క వేసి, చెక్క మీద ప్లేయరు పెట్టమని. అది చెప్పేలోపే నువ్వు "మా ఇంట్లో చెత్తకి కొదవ లేదు" అని ముఖం తిప్పుకున్నావు. ఆయన మళ్ళీ నోరెత్తలేదు. పోయిన మనిషి, ఇక ఎత్తడు కూడా.

అన్నయ్యా, బరువు మీద పెడితే కదలదు అని నీ లెక్క. రాతి మీద గుడ్డు పెట్టి రాతిని సుత్తితో కొట్టి చూడు. రాయికి ఏమీ కాదు. దెబ్బంతా గుడ్డుకే. నీ ప్లేయరు ముల్లు గుడ్డు కంటే సున్నితం. దాని కింద మెత్తదనం ఉండాలి గాని మొండితనం కాదు.

పిల్ల సంగతి. ఆ గదిలో ఉండబట్టే దానికి నాలుగు సంచులు కుట్టే పని దొరుకుతోంది. బడి పక్కన, బస్సులు ఆగే చోట. వేరే చోటికి పోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అది నీ మీద ఒక్క మాట నాతో అనలేదు. నిన్న ఇక్కడికి వచ్చినప్పుడు నీ ఉత్తరం చూపించి అడిగితే "మావయ్య నాతో చెప్పలేదే" అంది. అదీ సంగతి.

ట్యూబు పెట్టి చూడు. ఒక్కసారి. తర్వాత తిట్టు.

నీ చెల్లి

*

మార్చి 12

చెల్లికి,

పెట్టి చూశాను. నీ మొగుడి తెలివి ఎంతో తేల్చేద్దామనే పెట్టాను. ఆ గేటు ట్యూబు కాదు, దాన్ని ముట్టను. సైకిలు షాపులో వేరేది తెచ్చాను. పంపుతో గాలి కొట్టి కొట్టి చేతులు పడిపోయాయి. గుద్దితే మద్దెలలా మోగేదాకా కొట్టాను. పైన పీట వేశాను, పీట మీద ప్లేయరు. బండ మీదే, స్పీకర్ల మధ్యనే. పాట పెట్టాను. పీట జారి ప్లేయరు గోడకి ఆనుకుంది, ముల్లు రికార్డు మీద గీత గీసుకుంటూ ఈ చివరినించి ఆ చివరికి పోయింది. ఊళ ఎప్పటిలాగే ఉంది. ఇప్పుడు గీత కూడా ఉంది.

గుడ్లమ్ముకునేవాళ్ళు గుడ్లమ్ముకోవాలి. నీ కూతురికి నెలాఖరు గుర్తు చెయ్యి.

అన్న

*

మార్చి 14

అన్నయ్యా,

మద్దెలలా మోగేదాకా గాలి కొట్టమని ఎవరు చెప్పారు? అంత గట్టిగా కొడితే అది కూడా నీ రాయే. ఆడలేక మద్దెల ఓడు.

చెల్లి

*

మార్చి 17

చెల్లికి,

రెండు ముక్కలు రాసి పంపడానికి ఒక స్టాంపు ఖర్చు. బాగానే గడుస్తున్నట్టుంది.

ఇప్పుడు విను. నిన్న పదహారో తారీఖు, ఆదివారం. లోకమంతా పని మానుకునే రోజు. నేను స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, కుర్చీ జరుపుకుని, పడవ పాట పెట్టాను. సగం పాట కాకముందే మొదలైంది బుర్రు. కిందినుంచి తన్నుకొస్తోంది. నేల మీద చెవి పెట్టి విన్నాను కూడా. మెషిను ఆడుతున్నట్టు స్పష్టంగా వినపడింది. ఆదివారం పూట! కావాలనే. నేను నోటీసు ఇచ్చానని పగబట్టి పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆపకుండా నడిపింది. నువ్వే నేర్పి ఉంటావు. నీ మొగుడు మాటతో పొడిచాడు, నీ కూతురు మెషిన్లతో పొడుస్తోంది. వంశం తప్పకుండా వచ్చింది.

అంత కష్టపడే పిల్లయితే నెలాఖరుదాకా ఎందుకు? ఇంకా ముందే పోవచ్చు. నేనేమీ అడ్డం పడుకోను.

నా బండ మీద మాత్రం మాట పడనివ్వను. దానిలాంటి పని ఇప్పుడు చేసేవాడు ఎవడున్నాడు? పైన లారీ నిలబెట్టినా కుంగదు.

నీ అన్న

*

మార్చి 20

అన్నయ్యకి,

నేనేమీ గట్టిగా రాయను. నిదానంగా రాస్తాను. నువ్వు కూడా నిదానంగా చదువుకో, కావాలంటే కళ్ళద్దాలు తుడుచుకుని చదువుకో.

పదహారో తారీఖు ఆదివారం నీ మేనకోడలు నా దగ్గర ఉంది. శనివారం సాయంత్రం బస్సుకి వచ్చింది, సోమవారం పొద్దున బస్సుకి పోయింది. కింది గదికి తాళం. మెషిన్లకి గుడ్డ కప్పి వచ్చింది. ఇక్కడ నాతోపాటు కూర్చుని గుడ్లు ఏరింది. నువ్వు నేల మీద చెవి పెట్టి విన్న మెషిను ఎవరిది?

దొరికావు కదూ. నవ్వను. ఈసారి కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు.

ఒణికేది నీ పాటే. కుట్టుమెషిన్లు కాదు. స్పీకర్లు మోగుతాయి, నీ బండని కదిలిస్తాయి. బండ ముల్లుని కదిలిస్తుంది. ముల్లు ఆ కదలికని మళ్ళీ స్పీకర్లకే చేరవేస్తుంది. అవి ఇంకాస్త గట్టిగా అరుస్తాయి. చాడీలు చెప్పుకునే ముగ్గురు ఒకే ఇంట్లో ఉన్నట్టు. మధ్యలో కింద కూర్చున్న పిల్ల మీద పడ్డావు నువ్వు.

నా మాట నమ్మొద్దు. రికార్డు తిరక్కుండా ఆపు. ఆగిన రికార్డు మీద ముల్లు ఆనించు. సౌండు కొద్దిగా పెట్టి, బండ మీద వేలితో కొట్టు. ఆ చప్పుడు స్పీకర్లో వినపడితే ఎవరు ఎవరికి చెబుతున్నారో నీకే తెలుస్తుంది. ఆయన ఆ రోజు నీకు చూపిద్దామనుకున్నది ఇదే. నువ్వు ప్లేయరు దగ్గరికి రానివ్వలేదు.

ఇంకో సంగతి కూడా రాస్తాను, ఎన్నడూ రాయలేదు. ఆ ట్యూబు నీకిచ్చేశాక అట్టలు కట్టుకోవడానికి ఆయనకి ఇంకేమీ లేదు. మీ ఇంటినుంచి మా ఇంటిదాకా సైకిలు ఎక్కకుండా, ఒక చేత్తో అట్టలు పట్టుకుని, ఒక చేత్తో సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. నేను పక్కనే నడిచాను. "మీ అన్న పాట బాగుపడుతుందిలే" అన్నాడు దారిలో. అంతే అన్నాడు.

నీ మేనకోడలు గది చూసుకుంది. ఊరి చివర, గోడౌను వెనక. ఒకటో తారీఖుకి పోతుంది. అక్కడ దాని సంచులు ఎవరు కొంటారో నాకు తెలియదు. నువ్వు మాత్రం నిశ్చింతగా పాట వింటూ కూర్చో.

ట్యూబులో గాలి బొటనవేలితో నొక్కితే సగందాకా లోపలికి పోయేంత ఉండాలి. స్పీకర్లు ఒక చోట, ప్లేయరు ఇంకో చోట. గుడ్లూ సుత్తీ ఒకే బుట్టలో పెట్టరు.

చెల్లి

*

మార్చి 25

చెల్లికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పెద్ద చదువు చదివినట్టు రాశావు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషినని నన్ను ఊరంతా అంటుంది, నువ్వు కూడా అంటావు. అను. నాలుగో కాలు చూపించినప్పుడు చూడనివాణ్ణి కాదు నేను. చూపించేవాళ్ళు సరిగ్గా చూపించాలి.

రికార్డు ఆపాను. ముల్లు ఆనించాను. వేలితో కొట్టాను. స్పీకర్లో ఎవరో తలుపు తట్టినట్టు దబ్ దబ్ మంది. "ఎవరది?" అనబోయాను కూడా. మళ్ళీ కొట్టాను, మళ్ళీ మోగింది. నేల తన్నాను, చిన్నగా మోగింది. బండ తన్నాను, పిడుగు పడ్డట్టు మోగింది. సరే. మోగితే మోగింది. తప్పు నాదని నేను ఇక్కడ ఎక్కడా రాయలేదు, కావాలంటే మళ్ళీ చదువుకో. స్పీకర్లు అమ్మినవాడు ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. వాడిది తప్పు.

స్పీకర్లు బండ మీదనుంచి తియ్యాలి. అవేమో సిమెంటులో ఉన్నాయి. ఉలీ సుత్తీ తీశాను. నేను కట్టిన దిమ్మె ఇంతవరకూ ఒక్కటి కూడా ఎవడూ కదపలేదు. యంత్రాలు అరిగిపోయి పాతసామానులోకి పోయాయి గాని కింద దిమ్మెలు అలాగే ఉన్నాయి. అలాంటిదాన్ని నేనే పగలగొట్టాను. సులువుగా లొంగలేదు. ఎంత మంచి పనో అప్పుడు తెలిసింది నాకు. అది చెప్పుకోవడానికి నేనేం సిగ్గుపడను.

ఆ చప్పుడుకి నీ కూతురు మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది. దుమ్ములో నేను కనపడలేదు దానికి. "మావయ్యా, పడ్డావా?" అంది.

"పడటానికి నేనేమన్నా గుడ్డునా?" అన్నాను.

నవ్వలేదు. చీపురు తెచ్చి ఊడ్చింది. స్పీకరు ఒక కొస నేను పట్టుకుంటే ఇంకో కొస అది పట్టుకుంది. కిటికీ దగ్గర స్టూళ్ళ మీద పెట్టాం. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. నువ్వు దానికి అంతా రాసే ఉంటావు, తెలిసినట్టే పట్టుకుంది. ప్లేయరుకి వేరే బల్ల వేశాను, అటు గోడకి. పైన పెట్టడానికి నున్నటి చెక్క కావాలన్నాను. కిందికి పోయి గుడ్డ కత్తిరించుకునే చెక్క తెచ్చింది. మందంగా, బరువుగా ఉంది, మంచి చెక్క.

"నీకు అక్కర్లేదా?" అన్నాను.

"ఇంక ఇక్కడ నాకెందుకు మావయ్యా, ఉంచుకో" అంది.

అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు. మర్నాడు బండి వచ్చి ఒక మెషిను ఎక్కించుకుపోయింది. అప్పుడు ఎక్కింది.

ఇంక ట్యూబు. షాపులో కొన్నదానికి అంత గట్టిగా గాలి కొట్టాను కదా, తర్వాత పగిలింది, అతుకు వేసినా నిలవలేదు. అందుకని గేటు దగ్గరికి పోయి బావ ట్యూబు విప్పాను. అందుకని మాత్రమే విప్పాను. కడిగాను. మట్టి పోయింది, సొన వాసన ఎప్పుడో పోయింది. పంపు పెట్టి మెల్లిగా కొట్టాను, ఈసారి మెల్లిగానే. ఒకచోట బుస్సుమంది. వేలుపెట్టి మూస్తే ఇంకోచోట. వంచిన ప్రతిచోటా బీటలు. ఎండకి, వానకి పాడైపోయింది. నేనే గేటుకి కట్టాను కదా. ఆ రోజే ఇంట్లో బల్ల కింద పెట్టి ఉంటే ఇన్నాళ్ళూ ఉండేదేమో. ఉండేది కాదేమో. రబ్బరు సంగతి నాకేం తెలుసు, నాది రాతి పని.

ఆయన నడుచుకుంటూ వచ్చాడని ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదే నువ్వు? ఇప్పుడు రాస్తే నేనేం చెయ్యాలి? ఎవరికి చెప్పాలి? నీకు బుద్ధి ఎప్పుడూ ఆలస్యమే.

మళ్ళీ షాపుకి పోయి ఇంకోటి తెచ్చాను. షాపువాడు "సైకిలు లేదుగదా తాతా, ట్యూబులేం చేసుకుంటున్నావు?" అన్నాడు. వాడికి చెబితే అర్థమవుతుందా? బొటనవేలు సగందాకా పోయేంత గాలి పెట్టాను. చుట్టగా పరిచాను. పైన చెక్క, చెక్క మీద ప్లేయరు. చేత్తో తాకితే నీళ్ళ మీద పడవలా ఊగింది. ఇదేం పాడుతుంది అనుకున్నాను. పడవ పాట పెట్టాను.

ఊళ లేదు. పెంచాను. లేదు. కిటికీ చువ్వలు మోగేదాకా పెంచాను. పాట పాటగా ఉంది. చెల్లీ, ఆ పాటలో మద్దెల కొట్టేవాడు తాగి కొడుతున్నాడని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను నేను. ఒక్కడు కాదు. ఇద్దరు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకడు అడిగితే ఒకడు జవాబు చెబుతున్నాడు. నీ ఓడు మద్దెల సామెత తీసి గట్టున పెట్టు, అక్కడ ఏ మద్దెలా ఓడు కాదు.

ఇంకో మెషిను ఇంకా కిందే ఉంది. మెట్ల మీదనుంచి అరిచాను.

"మెషిను నడుపు!"

"ఎందుకు మావయ్యా?"

"నడుపు అన్నాను!"

"కుట్టడానికి గుడ్డ లేదు, అన్నీ కట్టేశాను."

"గుడ్డ లేకుండానే నడపవే!"

నడిపింది. ఎంత జోరుగా నడుపుతుందో అంత జోరుగా నడిపింది. కాస్త కోపంగానే నడిపిందని నా అనుమానం. ముల్లు బెదరలేదు. ఇద్దరు మద్దెలవాళ్ళూ అలాగే మాట్లాడుకుంటున్నారు. చివర్లో మెషిను ఆపి మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి విన్నది. లోపలికి రమ్మని నేను అనలేదు. వస్తే వద్దనేవాణ్ణీ కాదు. పాట అయిపోయాక దిగిపోయింది. "బాగుంది" అని కూడా అనలేదు. వాళ్ళ నాన్న అయితే ఏదో ఒకటి అనేవాడు. అనేవాడే, నాకు తెలుసు.

అందుకని ఇది రాస్తున్నాను. గోడౌను వెనక ఆ గది నేను పోయి చూసొచ్చాను. కిటికీ లేదు. నేల ఒక పక్కకి వాలి ఉంది, మెషిను సరిగ్గా నిలబడదు. ఎవడు వేశాడో ఆ నేల, వాడి చేతులు విరగ్గొట్టాలి. అక్కడికి సంచి కొనడానికి ఎవడొస్తాడు, ఎలకలా? నా ఇంట్లో గదుండగా నా మేనకోడలు అక్కడ కూర్చుందంటే నా ముఖాన ఊస్తారు. దాని కోసం కాదు, నా పరువు కోసం చెబుతున్నాను. కింది గది ఎవరికీ ఇవ్వడం లేదు. నోటీసు నేను నీకు రాశాను గాని దానికి చెప్పలేదు, కాబట్టి అది చెల్లదు. పోయిన మెషిను తెప్పించుకోమను. దానికిందకి కూడా రబ్బరు ముక్కలు కోసి ఉంచాను, కావలిస్తే వేసుకోమను. వద్దంటే పారేయమను.

నేను దిగి పోయి అడగను. అడిగే అలవాటు నాకు లేదు, నేర్చుకునే వయసూ కాదు. నువ్వు రాయి. లేకపోతే నువ్వే వచ్చి చెప్పు. వస్తే ఆ పాట కూడా వినొచ్చు, నవ్వడానికి ఈసారి ఏమీ దొరకదు నీకు. ఆయన వినాల్సింది. సరే.

గేటుకి కట్టడానికి ఇప్పుడు ఏమీ లేదు. తెరిచే ఉంటోంది. వీధి కుక్కలన్నీ నా ముంగిట్లోనే పడుకుంటున్నాయి. ఎవరో ఒకరు వచ్చి మూసేదాకా ఇంతే.

ముప్పయ్యో తారీఖు ఆదివారం లోపల నాకు జవాబు కావాలి. ఉంటుందా, పోతుందా. రెండు ముక్కలు చాలు, నీకు అలవాటేగా. పోతుంది అనే జవాబైతే స్టాంపు దండగ చెయ్యకు.

నీ అన్న